మోకాలి కీలు మీద పాచి: మొండి ఇన్‌ఫెక్షన్‌కు నానో కణాలు పనికివస్తాయా?

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా నాన్నగారి వయసు 68. నాలుగు నెలల క్రితం ఆయనకు కుడి మోకాలి కీలు మార్పిడి జరిగింది. కుట్లు చక్కగా మానాయి, రెండు నెలలు తిరిగేసరికి చేతికర్ర లేకుండా వీధి చివరి దాకా నడిచారు. ఐదు వారాల క్రితం మచ్చ పక్కన చిన్న పొక్కు లేచి పగిలింది. అప్పుడు సన్నగా చీము కారటం మొదలైంది. చీములోని బ్యాక్టీరియాను పెంచి చూసిన కల్చర్ రిపోర్టులో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అనీ, అది మెథిసిలిన్ జాతి మందులకు లొంగదనీ వచ్చింది. అయితే వాంకోమైసిన్, లినెజోలిడ్, టీకోప్లానిన్, రిఫాంపిసిన్‌లకు ఎదురుగా 'పనిచేస్తుంది' అన్న గుర్తే ఉంది. రెండు వారాలు వాంకోమైసిన్ ఎక్కించారు. జ్వరం పోయింది, చీము ఆగింది. మందు ఆపిన ఎనిమిదో రోజున మళ్ళీ మొదలైంది.

నేను కళాశాలలో రసాయన శాస్త్రం చెబుతాను కానీ వైద్యం తెలియదు. పనిచేస్తుందని రిపోర్టు చెప్పిన మందు మనిషిలో ఎందుకు పనిచేయలేదన్నది నా మొదటి సందేహం. రెండోది మా బాబాయి వల్ల వచ్చింది. వెండి నానో కణాలు (కంటికి కనపడనంత సన్నని వెండి రేణువులు) ఎంత మొండి బ్యాక్టీరియానైనా చంపేస్తాయన్న వాట్సాప్ సందేశంతో పాటు ఒక సీసా వెండి ద్రావణం, ఒక గొట్టం జెల్ కూడా కొరియర్‌లో పంపారు. ద్రావణం తాగాలట, జెల్ పూయాలట. దీనిలో నిజం ఎంత?

సూక్ష్మదర్శిని (హైదరాబాద్)

కృష్ణాతీరం గారూ, రిపోర్టు అబద్ధం చెప్పలేదు, కానీ అది జవాబిచ్చిన ప్రశ్న వేరు. ప్రయోగశాలలో మందును పరీక్షించేది ద్రవంలో విడివిడిగా తేలుతున్న బ్యాక్టీరియా మీద. మీ నాన్నగారి మోకాలిలో ఉన్నవి చాలామటుకు అలా తేలుతున్నవి కావు. అవి అమర్చిన లోహాన్నీ, మధ్యనున్న ప్లాస్టిక్ పలకనూ అంటిపెట్టుకొని, చక్కెర గొలుసులు, ప్రోటీన్లు, చచ్చిన తోటి కణాల నుంచి కారిన డీఎన్ఏ కలగలిపి తమ చుట్టూ తామే ఒక జిగురు నేసుకొని అందులో కూర్చుంటాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు. పేరు కొత్తదే కానీ వస్తువు మనకు పాతదే. కోనేటి మెట్ల మీద కాలు జారేట్టు చేసే పాచి, పొద్దున లేవగానే నాలుకకు తగిలే పళ్ళ పాచి ఇదే జాతి. 1680లలో లేవెన్‌హుక్ పళ్ళ పాచిని తన భూతద్దం కింద చూసి, వెనిగర్ పోస్తే పైపై జీవులు మాత్రమే చచ్చిపోతున్నాయనీ, లోపలివి క్షేమంగా ఉన్నాయనీ రాశాడు. మీ నాన్నగారికి వాంకోమైసిన్‌తో జరిగింది దాదాపు అదే.

ఇక్కడ రెండు మాటలను విడదీసి చూడాలి. నిరోధకత అంటే బ్యాక్టీరియా జన్యువుల్లోనే మార్పు వచ్చి మందు పనిచేయకపోవటం. మెథిసిలిన్ విషయంలో జరిగింది అది. తట్టుకోవటం వేరు. బయోఫిల్మ్ అడుగున ఆక్సిజన్, తిండి తక్కువ కాబట్టి అక్కడి కణాలు పెరగటం మానేసి ముడుచుకుపోతాయి. మన మందుల్లో చాలా భాగం పెరుగుతున్న కణాన్ని దెబ్బతీసేవే. వాంకోమైసిన్ కణం గోడ కట్టటాన్ని అడ్డుకుంటుంది. గోడే కట్టని కణాన్ని అదేం చేస్తుంది? పెన్సిలిన్ ఎంత పోసినా కొద్దిపాటి స్టెఫైలోకాకస్ కణాలు బతికి ఉండటాన్ని జోసెఫ్ బిగ్గర్ అనే శాస్త్రవేత్త 1944లోనే గమనించాడు. వాటి సంతతి మళ్ళీ పెన్సిలిన్‌కు మామూలుగానే చచ్చిపోయింది, అంటే అవి జన్యువు మారినవి కావు. బయోఫిల్మ్‌లోని బ్యాక్టీరియాను చంపటానికి తేలే బ్యాక్టీరియాకు చాలిన మోతాదుకు 10 నుంచి 1000 రెట్ల దాకా కావలసి రావచ్చు. అంత మందు రక్తంలోకి ఎక్కిస్తే ముందు పోయేవి మూత్రపిండాలు.

మీ నాన్నగారి విషయంలో రెండు సమస్యలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నానో కణాల మీద శాస్త్రవేత్తలకు ఆశ పుట్టింది ప్రధానంగా ఈ రెండో సమస్య వల్ల. దాని గురించి విడిగా రాస్తాను. సీసాలోది మాత్రం దయచేసి తాగించకండి.

ఎముకల డాక్టరు (గుంటూరు)

రోగిని చూడకుండా వైద్యం చెప్పకూడదు, నేను చెప్పటం లేదు. మీ శస్త్రవైద్యుడిని ఏమి అడగాలో మాత్రం చెబుతాను.

కృత్రిమ కీలు మీద ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు అది ఎన్నాళ్ళదన్నది మొదటి లెక్క. లక్షణాలు మొదలై మూడు వారాల లోపు, కీలు కదలకుండా గట్టిగా ఉంటే, తెరిచి, చెడిన కణజాలం గీకి, ప్లాస్టిక్ పలక మార్చి, కీలును ఉంచే ప్రయత్నం చేస్తాం. ఐదు వారాలుగా చర్మానికి దారి చేసుకొని చీము కారుతోందంటే ఆ గడువు దాటినట్టే. అప్పుడు సాధారణంగా కీలు మొత్తం తీసి, ఆ ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన ఎముకల సిమెంటు దిమ్మ పెట్టి, కొన్ని వారాల మందు తరువాత రెండో ఆపరేషన్‌లో కొత్త కీలు అమర్చుతాం. ఇది రోగికీ ఇంటివారికీ, ఖర్చుపరంగా కూడా, పెద్ద దెబ్బే. అందుకే చాలామంది ఇంకో కోర్సు, ఇంకో కోర్సు అంటూ మాత్రలతో నెలలు గడుపుతారు.

పాచి సంగతి సూక్ష్మదర్శిని గారు బాగా చెప్పారు. పాచి పుక్కిలిస్తే పోదు, తోమాలి. మేము చేసేది ఆ తోమటమే. తోమిన తరువాత కూడా అది ఊరుకోదు. మానని పుండ్లలో ఇలా గీకిన తరువాత ఒకటి నుంచి మూడు రోజుల లోపు బయోఫిల్మ్ మళ్ళీ గట్టిపడుతుందని చూపిన పని ఉంది. మందు సరిగా పనిచేసేది ఆ కొద్ది సమయంలోనే.

ఇంకొక మాట. స్టెఫైలోకాకస్ బయోఫిల్మ్ మీద మాకున్న మంచి ఆయుధం రిఫాంపిసిన్, మన దేశంలో క్షయ మందుగా అందరికీ తెలిసినదే. 1998లో స్విట్జర్లాండ్‌లో జిమ్మర్లీ బృందం కీలును తీయకుండా ఉంచిన రోగులలో దీన్ని సిప్రోఫ్లాక్సాసిన్‌కు జోడించి చూసింది. చికిత్స పూర్తి చేసినవారిలో రిఫాంపిసిన్ అందుకున్న 12 మందికీ నయమైంది, అందుకోనివారిలో 12 మందికి 7గురికే నయమైంది. రోగుల సంఖ్య చిన్నదే, వారందరివీ తొందరగా పట్టుకున్న ఇన్‌ఫెక్షన్లే. అయినా పాతికేళ్ళుగా మేము దాని మీద ఆధారపడుతున్నాం. దీన్ని ఎన్నడూ ఒంటరిగా ఇవ్వకూడదు. ఒకే ఒక్క జన్యు మార్పుతో బ్యాక్టీరియా దీని నుంచి తప్పించుకుంటుంది. మందుల షాపులో అడిగి కొనుక్కునే మందు కాదిది.

వేపచెట్టు (అనంతపురం)

చర్చ బాగుంది కానీ వెండి నానో కణాలను వాట్సాప్ వైద్యంతో కలిపి కొట్టివేయటం న్యాయం కాదు. నేను పీజీ విద్యార్థులతో వేపాకు కషాయంతో, తులసి కషాయంతో వెండి నానో కణాలు తయారు చేయించాను. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కషాయం కలిపి ఉంచితే రంగు లేత పసుపు నుంచి ముదురు గోధుమకు తిరుగుతుంది, కణాలు తయారైనట్టు అదే మొదటి గుర్తు. ఆకులోని పాలీఫినాల్స్ అనే రసాయనాలు వెండి అయాన్ (ఆవేశమున్న వెండి పరమాణువు)‌ను క్షయకరణం చేసి, ఏర్పడిన కణం చుట్టూ పూతగా నిలుస్తాయి. మా కణాలు 20 నుంచి 40 నానోమీటర్ల మధ్య ఉన్నాయి. అగర్ పళ్ళెం (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పళ్ళెం) మీద పెరిగిన స్టెఫైలోకాకస్ మధ్య, మా కణాలు పట్టించిన బిళ్ళ చుట్టూ 14 మిల్లీమీటర్ల ఖాళీ వలయం వచ్చింది. బయోఫిల్మ్ పరీక్షలో క్రిస్టల్ వయొలెట్ రంగు 70 శాతం పైగా తగ్గింది. ఈ ఫలితాలకు అర్థం లేదంటారా?

సూక్ష్మదర్శిని (హైదరాబాద్)

అర్థం ఉంది. ఆ అర్థం ఎంతవరకు అన్నదే నా మాట. నేనూ ఈ పని చేసినవాడినే కాబట్టి దీన్ని ఎగతాళిగా తీసుకోకండి.

అగర్ పళ్ళెం మీద వలయం బయోఫిల్మ్ గురించి ఏమీ చెప్పదు. అది బిళ్ళ నుంచి వెండి ఎంత దూరం పాకిందో చెబుతుంది. పైగా నానో కణాలు అగర్‌లో సరిగా పాకవు, పాకేది వాటి నుంచి విడుదలైన అయాన్. అందువల్ల ఎక్కువ అయాన్ వదిలే కణానికి పెద్ద వలయం వస్తుంది, బయోఫిల్మ్ లోపలికి దూరగల కణానికి కాదు. ఇక క్రిస్టల్ వయొలెట్ జిగురునూ, బతికిన కణాన్నీ, చచ్చిన కణాన్నీ ఒకేలా పట్టుకునే రంగు. రంగు తగ్గిందంటే అంటుకున్న ముద్ద తగ్గిందని అర్థం. మిగిలిన 30 శాతంలో ఎంతమంది బతికున్నారో తెలియాలంటే దాన్ని గీకి, పలచబరిచి, పళ్ళెం మీద పరిచి లెక్కపెట్టాలి. మన దగ్గరి నుంచి వెలువడే పత్రాలలో చాలావాటిలో నేను వెతికేది ఆ లెక్క, దొరకనిదీ అదే.

మరొక ప్రశ్న అడుగుతాను: మీ విద్యార్థులు కణాలను ఎప్పుడు వేశారు, బ్యాక్టీరియాతో పాటేనా, పొర కట్టిన తరువాతా? పాటే వేస్తే అది పొర కట్టకుండా ఆపటం. కట్టిన పొరను విడగొట్టటం దానికన్నా ఎన్నో రెట్లు కష్టం. ప్రయోగశాలలో 24 గంటల పొరనే 'ముదిరిన పొర' అంటాం. మనిషి శరీరంలో అది నెలల తరబడి ఉంటుంది, రోగినిరోధక కణాలతో పోరాడి ఉంటుంది. పుండ్లలో, ఊపిరితిత్తులలో చాలాసార్లు అది పొరగా కూడా ఉండదు; కొన్ని మైక్రోమీటర్ల నుంచి వంద రెండొందల మైక్రోమీటర్ల దాకా ఉండే చిన్న చిన్న ముద్దలుగా కణజాలంలో చెదిరి ఉంటుంది.

ఇంకా లోతైన చిక్కు ఒకటుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో అల్వరేజ్ బృందం 2012లో ఆక్సిజన్ లేని వాతావరణంలో ఈ. కోలై అనే పేగు బ్యాక్టీరియా మీద వెండి నానో కణాలను వేసి చూసింది. చాలా ఎక్కువ మోతాదులోనూ అవి చంపలేదు. వెండి కణం ఉపరితలం ఆక్సీకరణం చెందితేనే అయాన్ విడుదలవుతుంది, చంపేది ఆ అయానే. ఇప్పుడు ఆలోచించండి: బయోఫిల్మ్ అడుగున తక్కువగా ఉండేది ఆక్సిజనే. వెండి అవసరం ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడే అది సరిగా పనిచేయని పరిస్థితి అన్నమాట. దీనికి తోడు శరీర ద్రవాలలోని క్లోరైడ్ వెండిని అవక్షేపం చేస్తుంది, ప్రోటీన్లు దాన్ని పట్టేసుకుంటాయి. రసాయన శాస్త్రం చెప్పే కృష్ణాతీరం గారికి ఇది వివరించనక్కరలేదు.

వేపచెట్టు (అనంతపురం)

పాటే వేశాం. ఒప్పుకుంటున్నాను. వచ్చే బ్యాచ్‌తో కట్టిన పొర మీద, గీకి లెక్కపెట్టే పద్ధతిలో చేయిస్తాను. అయితే పుండ్ల మీద వెండి డ్రెస్సింగులు ఆసుపత్రుల్లో వాడుతున్నారు కదా, అదంతా వృథా అంటారా?

పాతమందులు (రాజమహేంద్రవరం)

నలభై ఏళ్ళు మందుల మధ్య గడిపినవాడిగా ఈ ప్రశ్న నేను అందుకుంటాను. వెండి కొత్త మందు కాదు. పురిటి బిడ్డల కళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసే పద్ధతిని జర్మన్ వైద్యుడు క్రెడే 1880 ప్రాంతంలో మొదలుపెట్టి ఎందరి చూపునో కాపాడాడు. 1960లలో చార్లెస్ ఫాక్స్ తెచ్చిన సిల్వర్ సల్ఫాడయజిన్ మలాం కాలిన గాయాల వార్డుల్లో మాకు ఉప్పు, పప్పు లాంటిది. తరువాత 1990లలో వెండిని నానో స్ఫటికాల పూతగా పరిచిన డ్రెస్సింగులు వచ్చాయి. పైన తెరిచి ఉన్న గాయానికి, గాలి తగిలే చోట, నేరుగా తాకేట్టు వెండి వాడటం వేరు. మోకాలి లోపల సిమెంటుకూ లోహానికీ మధ్య దాగిన పాచికి చర్మం మీద జెల్ పూయటం వేరు. గోడలో చెద పడితే తలుపు మీద మందు కొట్టినట్టుంటుంది అది.

అమర్చే పరికరాలకే వెండి పూయాలన్న ఆలోచన కూడా చాలాసార్లు జరిగింది, ఫలితాలు రకరకాలుగా వచ్చాయి. శ్వాసనాళంలో పెట్టే గొట్టానికి వెండి పూసి చేసిన పెద్ద ట్రయల్ ఫలితం 2008లో వచ్చింది. వెంటిలేటర్ వల్ల వచ్చే న్యుమోనియా 7.5 శాతం నుంచి 4.8 శాతానికి తగ్గింది, మరణాలు మాత్రం తగ్గలేదు. మూత్రపు గొట్టాల మీద బ్రిటన్‌లో ఏడు వేల మంది పైగా రోగులతో చేసిన ట్రయల్ 2012లో వచ్చింది. వెండి మిశ్రమం పూసిన గొట్టంతో ఇన్‌ఫెక్షన్ 12.5 శాతం, మామూలు గొట్టంతో 12.6 శాతం. అంటే తేడా లేదు. ఇక గుండె కవాటం కుట్టే పట్టీకి వెండి పూసిన సిల్జోన్ అనే రకాన్ని, ఇన్‌ఫెక్షన్ రాకుండా అని తెచ్చి, కవాటం అంచున రక్తం కారటం ఎక్కువైందని 2000 జనవరిలో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. బ్యాక్టీరియాను అంటనివ్వని పూత మన కణజాలాన్ని కూడా అంటి మాననివ్వకపోతే జరిగేది అదే. ఇవి నానో కణాలు కావు, వెండి పూతలు; కానీ 'వెండి కాబట్టి హాని లేదు' అనే మాటకు జవాబు.

రెండో వైపు కూడా చెప్పాలి. జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో ఎముక క్యాన్సర్ రోగులకు పెట్టే పెద్ద కృత్రిమ ఎముకలకు వెండి పూసినప్పుడు ఇన్‌ఫెక్షన్ 17.6 నుంచి 5.9 శాతానికి తగ్గింది. అయితే రెండు గుంపులూ కలిపి 125 మందే.

తాగే వెండి గురించి. పేగు నుంచి రక్తంలోకి వెళ్ళిన వెండి చర్మంలో పేరుకొని మనిషి బూడిద నీలం రంగుకు తిరుగుతాడు, ఆ రంగు పోదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1999లోనే ఇలాంటి కొల్లాయిడల్ వెండి మందులు ఏ రోగానికీ సురక్షితమని గానీ, పనిచేస్తాయని గానీ గుర్తించటం లేదని నియమం చేసింది. ఆ సీసాను మీ బాబాయికి తిప్పి పంపండి, తాగించవద్దు.

చింతచిగురు (నెల్లూరు)

మా ఇంట్లో రజత భస్మం తరతరాలుగా వాడుతున్నాం. అది నానో కణమే అని చదివాను.

పాతమందులు (రాజమహేంద్రవరం)

భస్మాలలో నానో పరిమాణపు కణాలు కనిపించాయన్న పని ఉంది, కాదనను. కణం చిన్నదైనంత మాత్రాన అది మోకాలికి చేరుతుందనీ, చేరి బయోఫిల్మ్‌ను విప్పుతుందనీ రుజువు కాదు. పొయ్యి మసిలోనూ నానో కణాలుంటాయి.

ఫిలడెల్ఫియా పంతులు (అమెరికా)

చర్చ అంతా వెండి చుట్టే తిరుగుతోంది కాబట్టి జోక్యం చేసుకుంటున్నాను. నేను పనిచేసేది పదార్థ విజ్ఞానంలో. నా అభిప్రాయంలో నానో కణం నుంచి ఆశించవలసింది మరొక విషం కావటం కాదు, ఉన్న మందును పాచి లోపలికి మోసుకెళ్ళే బండి కావటం.

ఒక నిజమైన ఉదాహరణతో మొదలుపెడతాను. అమికాసిన్ పాత మందు. దానికి ధనావేశం ఉంటుంది. బయోఫిల్మ్ జిగురులో ఉండే చక్కెర గొలుసు ఆల్జినేట్‌కూ డీఎన్ఏకూ రుణావేశం. అందువల్ల మందు లోపలికి పోయేలోగానే పై జిగురుకు అంటుకుపోతుంది. ఇదే అమికాసిన్‌ను ఆవేశం లేని కొవ్వు బుడగలలో, సుమారు 300 నానోమీటర్ల లైపోసోముల్లో, నింపి పీల్చే మందుగా చేశారు. ట్యూబర్‌క్యులోసిస్‌కు దాయాది అయిన మైకోబ్యాక్టీరియం ఏవియం ఊపిరితిత్తుల రోగం మామూలు మందులకు లొంగని 336 మందిలో చూసినప్పుడు, ఆరు నెలలకు కఫంలో బ్యాక్టీరియా లేకుండా పోయినవారు మందు చేర్చిన గుంపులో 29 శాతం, చేర్చని గుంపులో 8.9 శాతం. 2018లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. గొంతు బొంగురుపోవటం, దగ్గు, ఊపిరి పట్టేయటం ఎక్కువే. అయినా పని జరిగింది.

కానీ అదే సంవత్సరం మొదట్లో సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఇలాగే లైపోసోముల్లో నింపిన మందుకు అనుమతి రాలేదు. ఒకే తీరులో చేసిన రెండు ట్రయల్స్‌లో ఒకటి నెగ్గింది, ఒకటి నెగ్గలేదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే పుట్టుక జబ్బు) రోగుల్లోని సూడోమోనాస్ బ్యాక్టీరియా మీద లైపోసోముల అమికాసిన్ కూడా పీల్చే పాత మందు టోబ్రామైసిన్‌కు తీసిపోలేదని మాత్రమే తేలింది, మించలేదు. బండి మంచిదైతే చాలదు. దారి, సరుకు, దిగే చోటు మూడూ కుదరాలి.

రెండో ఉదాహరణ నాకు దగ్గరిది, ఎందుకంటే మా ఊళ్ళోనే జరుగుతోంది. ఐరన్ ఆక్సైడ్ నానో కణాలు పెరాక్సిడేజ్ ఎంజైమ్ చేసే పని చేయగలవని చైనా శాస్త్రవేత్తలు 2007లో చూపారు. రక్తహీనతకు ఇంజెక్షన్‌గా 2009 నుంచి అనుమతి ఉన్న ఫెరుమాక్సిటాల్ అలాంటి కణమే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ దంత కళాశాలలో కూ బృందం దాన్ని పళ్ళ పాచి మీద వేసి, వెంట పలచని హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసింది. పుచ్చు కలిగించే పాచిలో ఆమ్లత ఎక్కువ. కణం ఆ ఆమ్లంలోనే చురుకై పెరాక్సైడ్‌ను విడగొట్టి, పుట్టిన చురుకైన రాడికల్స్‌తో బ్యాక్టీరియానూ, దాని చుట్టూ ఉన్న గ్లూకాన్ జిగురునూ కలిపి తునకలు చేస్తుంది. మామూలు చోట్ల నిద్రపోతుంది. ఎలుకల్లో పుచ్చు తగ్గటం 2018లో ప్రచురించారు. తరువాత పంటి ఎనామిల్ ముక్కలు అమర్చిన పరికరాన్ని నోట్లో పెట్టుకున్న స్వచ్ఛంద కార్యకర్తల్లోనూ పుచ్చు బ్యాక్టీరియా తగ్గింది. నాకు నచ్చింది ఈ తెలివి: విషాన్ని ఒళ్ళంతా చల్లకుండా, రోగం ఉన్న చోట మాత్రమే మేలుకునేట్టు చేయటం.

దీన్ని మోకాలికి ఎందుకు తేలేదని అడగవచ్చు. నోరు తెరిచి చూడవచ్చు, పూయవచ్చు, కడిగేయవచ్చు. సిరలోకి ఎక్కించిన నానో కణాన్ని మాత్రం రక్తంలోని ప్రోటీన్లు కొద్దిసేపటికే చుట్టేస్తాయి, ఎక్కువ భాగం కాలేయానికీ ప్లీహానికీ పోతుంది. మోకాలికి చేరే భాగం చాలా కొద్ది.

కృష్ణాతీరం (విజయవాడ)

అయితే శస్త్రచికిత్స సమయంలో, కీలు తెరిచి ఉన్నప్పుడే, నేరుగా అక్కడ పెట్టవచ్చు కదా? రక్తంలో తిరిగే సమస్యే ఉండదు.

ఎముకల డాక్టరు (గుంటూరు)

మంచి ప్రశ్న. అది మేము ఇప్పటికే చేస్తున్న పనికి పొడిగింపు. ఎముకల సిమెంటులో జెంటామైసిన్ కలపటం 1970లో హాంబర్గ్‌లో బుఖోల్జ్ మొదలుపెట్టాడు. రక్తంలోకి ఎక్కిస్తే చెవులూ మూత్రపిండాలూ పోయేంత సాంద్రత మోకాలి లోపల మొదటి రోజుల్లో దొరుకుతుంది, రక్తంలోకి మాత్రం స్వల్పంగా వెళుతుంది. లోపం ఏమిటంటే సిమెంటు మొదట్లో గుప్పున వదిలి, తరువాత నెలల పాటు బొట్లు బొట్లుగా వదులుతుంది. ఆ కొద్దిపాటి మందు బ్యాక్టీరియాను చంపదు, దానికి నిరోధకత నేర్పవచ్చు. మందును నానో కణాల్లో నింపి సిమెంటులో కలిపి ఈ విడుదలను సరిచేయాలని చాలామంది ప్రయత్నిస్తున్నారు. నాకు తెలిసి అవి జంతువుల దశలోనే ఉన్నాయి. సిమెంటులో ఏది కలిపినా దాని బలం తగ్గుతుందా అని కూడా చూడాలి, ఎందుకంటే మనిషి దాని మీద నిలబడాలి.

బందరు లడ్డు (మచిలీపట్నం)

ఇంతా చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, నానో అనేది పత్రాల కోసం, పట్టాల కోసం తప్ప రోగికి కాదు. బ్యాక్టీరియా యాంటీబయాటిక్‌లకు అలవాటు పడ్డట్టు నానో కణాలకు అలవాటు పడలేదని మాత్రం అందరూ రాస్తారు. కనీసం అదైనా నిజమా?

సూక్ష్మదర్శిని (హైదరాబాద్)

మొదటి వాక్యం తొందరపాటు, పైన లైపోసోముల అమికాసిన్ ఉంది. రెండోదాని విషయంలో మీ అనుమానం సరైనదే. వెండికి నిరోధకత కొత్తది కాదు. అమెరికాలోని ఒక ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో వెండికి లొంగని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా గురించి 1975లోనే రాశారు. ఆ జన్యువులు ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద ఉన్నాయి, అంటే ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి చేతులు మారగలవు. నానో కణాల విషయంలో చెక్ దేశపు ఓలోమౌట్స్ శాస్త్రవేత్తలు 2018లో చూపింది ఇంకా విచిత్రం. వెండి నానో కణాలకు పదే పదే గురైన ఈ. కోలై జన్యు మార్పేమీ లేకుండానే, తన తోక తయారీకి వాడే ఫ్లాజెల్లిన్ ప్రోటీన్‌ను ఎక్కువగా వదిలి, వెండి కణాలన్నిటినీ ముద్ద కట్టించి పనికిరాకుండా చేసింది. దానిమ్మ తొక్క సారం కలిపితే ఫ్లాజెల్లిన్ తయారీ తగ్గి కణాలు మళ్ళీ పనిచేశాయి. వేపచెట్టు గారి విద్యార్థులకు ఇది మంచి విషయం అవుతుంది.

హైదరాబాద్‌లో ఉండి ఇంకో మాట రాయకుండా ఉండలేను. పటాన్‌చెరు దగ్గర సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో కనుగొన్నారు. రక్తంలో చికిత్సకు సరిపడే స్థాయికన్నా అది ఎక్కువ. సబ్బుల్లో, సాక్సుల్లో, నీళ్ళ ఫిల్టర్లలో వెండి నానో కణాలు చల్లుతున్న ఈ రోజుల్లో అదే కథ ఇంకో అంకం మొదలైందేమో చూసుకోవాలి. వెండికి నిరోధకత ఇచ్చే జన్యువులు, యాంటీబయాటిక్‌లకు నిరోధకత ఇచ్చే జన్యువులు ఒకే ప్లాస్మిడ్ మీద ప్రయాణించటం కనిపిస్తూనే ఉంది. వెండిని వాడితే యాంటీబయాటిక్ నిరోధకత కూడా దానితో పాటు బతుకుతుంది.

పాతమందులు (రాజమహేంద్రవరం)

మన దేశంలో నానో ఔషధాలను ఎలా పరీక్షించాలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. కణం పరిమాణం, ఆవేశం, పూత మారితే అది వేరే మందుగా ప్రవర్తించవచ్చు కాబట్టి దాన్ని కొత్తగానే చూడాలన్నది సారాంశం. ఎవరైనా నానో మందు అంటే మొదట అనుమతి సంఖ్య, తరువాత ఏ రోగానికి అనుమతి అన్నది అడగండి.

నిర్వాహకుడు

గొట్టం జెల్ అమ్మే లంకె పెట్టిన ఒక వ్యాఖ్యను తొలగించాను. చర్చ కొనసాగించండి.

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మా శస్త్రవైద్యుడితో గంటసేపు మాట్లాడాను. ఐదు వారాల సంగతి అడగగానే ఆయనే రెండు దశల ఆపరేషన్ మాట ఎత్తారు. నాన్నగారు మొదట ఒప్పుకోలేదు. 'పాచి పట్టిన బిందెను నీళ్ళతో తొలిస్తే పోతుందా నాన్నా, చింతపండు పెట్టి తోమాలి కదా' అన్నాను. ఆయనకు ఆ మాట అర్థమైంది, సంతకం పెట్టారు. వచ్చే వారం కీలు తీస్తారు. దిమ్మలో వాంకోమైసిన్ కలుపుతామన్నారు.

ఎముకల డాక్టరు (గుంటూరు)

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలైనా యాంటీబయాటిక్ లేకుండా ఉంటే నమూనాల్లో బ్యాక్టీరియా దొరికే అవకాశం పెరుగుతుంది. జ్వరం, వణుకు ఉంటే మాత్రం ఆగకూడదు, అది మీ డాక్టరుగారు నిర్ణయించాలి. ఎక్కడి నుంచి ఎన్ని నమూనాలు తీస్తారో అడిగారా?

సూక్ష్మదర్శిని (హైదరాబాద్)

తీసిన కీలును సోనికేషన్‌కు పంపగలరేమో కూడా అడగండి. లోహాన్ని ద్రవంలో ఉంచి అతిధ్వని తరంగాలతో కదిలిస్తే అంటిన పాచి ఊడి ద్రవంలోకి వస్తుంది, దాన్ని కల్చర్ చేస్తారు. 2007లో వచ్చిన అధ్యయనంలో కణజాలపు ముక్కలతో 60.8 శాతం రోగులలో ఇన్‌ఫెక్షన్ పట్టుబడితే, ఈ పద్ధతిలో 78.5 శాతంలో పట్టుబడింది.

కృష్ణాతీరం (విజయవాడ)

అడిగాను. ఆ యంత్రం అక్కడ లేదట. ఐదు వేర్వేరు చోట్ల నుంచి ముక్కలు తీసి ఐదు సీసాల్లో, ఒక్కోదానికి వేరే కత్తి వాడి పంపుతామన్నారు. 14 రోజుల పాటు కల్చర్ ఉంచుతారట. వాంకోమైసిన్ ఆపి ఈ రోజుకు 16 రోజులు, జ్వరం లేదు. రిపోర్టు వచ్చాక ఇక్కడే రాస్తాను.